మట్టిపాత్రపై సముద్రతీరము

2007వ సంవత్సరము మే నెలలో, దక్షిణ కొరియా పశ్చిమతీరమునందలి తేఆన్ అను చోట ఒక జాలరి చిన్నజాతి ఆక్టోపస్సులను పట్టుచుండెను. పైకి లాగిన వానిలో ఒక ఆక్టోపస్ తన కాళ్ళతో ఒక పళ్ళెమును గట్టిగా పట్టుకొని యుండెను. ఆ పళ్ళెము లేత నీలము కలిసిన పచ్చని రంగుది. ఈ వార్త విని పురావస్తు శాస్త్రజ్ఞులు అచ్చట మునిగి వెదకిరి. సముద్రగర్భపు బురదలో ఒక పాత ఓడయు, అందు వరుసలుగా పేర్చిన 20,000లకు మించిన పాత్రలును బయటపడెను. అవి 12వ శతాబ్దము నాటివి. ఎనిమిదివందల యేండ్లకు పైగా ఉప్పునీటిలో పడియున్నను వాని రంగు వెలిసిపోలేదు.

ఆ పాత్రలు కొరియాను గొర్యో రాజవంశము పాలించిన కాలము (918–1392) నాటి కుమ్మరులు చేసినవి. ఈ జాతి పాత్రలకు సెలడాన్ అని పేరు. 1123వ సంవత్సరమున చైనా రాయబార బృందముతో గొర్యోకు వచ్చిన షు జింగ్ అను అధికారి, ఈ పాత్రల రంగును ఆ దేశీయులు లకుముకిపిట్ట పేరుతో పిలుతురని తన గ్రంథములో వ్రాసినాడు. చెఱువుగట్టున లకుముకిపిట్ట వీపు ఎండలో మెఱయుట చూచినవారికి ఆ పేరెంత తగినదో వేఱుగ చెప్పనక్కరలేదు.

మన కుమ్మరి చేయు కుండ ఎఱ్ఱగా నుండును. ఆ యెఱుపు నిచ్చునది మట్టిలోని ఇనుము. ఈ లకుముకి రంగు నిచ్చినదియు ఇనుమే. ఒకే లోహము ఇంత భేదముగల రెండు రంగులను ఎట్లిచ్చినది? సముద్రపు రంగును, తీరపు దృశ్యమును మట్టిపైకి దింపిన ఆ విద్య యేమి? అంతరించిన ఆ విద్య తిరిగి యెట్లు దొరకినది? ఈ విషయములను వరుసగా పరిశీలింతము.

తీరమున వెలసిన బట్టీలు

గొర్యో సెలడాన్‌కు ప్రధాన కేంద్రములు రెండు: గాంగ్‌జిన్, బువాన్. రెండును కొరియా నైరుతి భాగమున సముద్రతీరముననే యున్నవి. గాంగ్‌జిన్ వద్ద తాంజిన్ నది సముద్రమున కలియును. నది కలియుచోట పొడవైన ఇఱుకు అఖాతము, దాని యంచున రెల్లుదుబ్బులు, బురదమేటలు, చలికాలమున వచ్చి వ్రాలు నీటిపక్షులు, వెనుక కొండలు. ఇది అచ్చటి దృశ్యము. ఈ ప్రాంతమున 180కి పైగా పాత బట్టీల జాడలు కనుగొనబడినవి.

కుమ్మరులు ఈ చోటును ఎన్నుకొనుటకు కారణములు స్పష్టముగా నున్నవి. పాత్రలకు తగిన మట్టి దగ్గరలో కలదు. కొండలపై కట్టెలు దొరకును. కొండవాలు బట్టీ కట్టుటకు అనువైనది. వాలు వెంబడి పొడవుగా సొరంగమువలె కట్టిన బట్టీలో క్రింది కొసన మంట పెట్టినచో, వేడిగాలి తనంతట తానే పైకి ప్రాకును. ఎత్తైన పొగగొట్టముతో పని లేదు. పాత్రలు సిద్ధమైన పిమ్మట వానిని బండ్లపై నూర్లకొలది మైళ్ళు కుదుపులతో తీసికొనిపోవ నక్కరలేదు. ఓడ కెక్కించి, తీరము వెంబడి రాజధాని కేసోంగ్‌కు పంపవచ్చును. తేఆన్ వద్ద దొరకినది అట్టి ఓడయే. అందు దొరకిన కొయ్యచీటీలపై గాంగ్‌జిన్ పూర్వనామమైన తాంజిన్ అను పేరు కనిపించినది. సరుకు ఎచ్చటినుండి ఎవరికి పోవుచున్నదో ఆ చీటీలు చెప్పుచున్నవి.

ఎఱుపు, పచ్చ: ఒకే ఇనుము

ఇనుము ఆక్సిజన్‌తో ఒకటికంటె ఎక్కువ విధములుగా కలియును. ఆక్సిజన్ నిండుగా దొరకినప్పుడు ఫెర్రిక్ ఆక్సైడ్ ఏర్పడును. ఇది తుప్పు రంగుగల పదార్థము. మన కుండ, ఇటుక, పెంకు ఎఱ్ఱగా నుండుట దీనివలననే. ఆక్సిజన్ కొఱవడినప్పుడు ఫెర్రస్ ఆక్సైడ్ ఏర్పడును. ఇందు ఒక్కొక్క ఇనుప పరమాణువునకు వచ్చు ఆక్సిజన్ పాలు తక్కువ.

మన దేశపు కుమ్మరులకు ఈ భేదము క్రొత్తది కాదు. గాలి బాగుగా ఆడు ఆవములో కాలిన కుండ ఎఱ్ఱనగును. గాలి చొరకుండ మూసి, పొగ పట్టించినది నల్లనగును. తెలుగునేలపై బృహత్ శిలా సమాధులలో దొరకు ప్రాచీన పాత్రలలో కొన్ని లోపలను, అంచునను నల్లగాను, క్రింది భాగమున ఎఱ్ఱగాను ఉండును. ఒకే పాత్రలో గాలి తగిలిన భాగము ఎఱుపెక్కి, గాలి తగలక పొగలో నున్న భాగము నలుపెక్కినది. అయితే ఈ నలుపునకు ఇనుముతోబాటు, మట్టి రంధ్రములలో చేరిన బొగ్గురేణువులును కారణమే.

గొర్యో కుమ్మరులు దీనికి మఱియొకటి జోడించిరి, అది గాజుపూత. మెత్తగా నూఱిన రాతిపొడి, బంకమట్టి, కట్టెబూడిద నీటిలో కలిపి, ఒకసారి కాల్చిన పాత్రను అందు ముంచి తీయుదురు. రాతిపొడిలో సిలికా కలదు. ఇసుకయు, గాజును ముఖ్యముగా సిలికాయే. కాని సిలికా ఒక్కటే కరగవలెనన్న 1700 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. బూడిదలోని సున్నపు పదార్థము, పొటాషియం మొదలగునవి దానితో కలిసి, 1200 డిగ్రీలకు దగ్గరలోనే కరగునట్లు చేయును. మట్టిలోని అల్యూమినా ఆ ద్రవము పాత్రపైనుండి జారిపోకుండ చిక్కబఱచును. చల్లారిన పిమ్మట పాత్రపై పలుచని గాజుపొర నిలిచిపోవును.

ఈ పూతలో ఇనుము నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే యుండును. అంతకు మించినచో రంగు ముదిరి గోధుమవన్నెకును, నలుపునకును తిరుగును. ఇంత కొద్ది ఇనుము నీలి పచ్చని రంగు నిచ్చుటకు కాల్చు విధానమే ముఖ్యము. బట్టీ బాగుగ వేడెక్కిన పిమ్మట కుమ్మరి గాలి వచ్చు ద్వారములను తగ్గించి, కట్టెలను ఎక్కువగా వేయును. కట్టెలు పూర్తిగా మండుటకు చాలినంత ఆక్సిజన్ దొరకదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. అది తనకు కావలసిన ఆక్సిజన్‌ను పూతలోని ఫెర్రిక్ ఆక్సైడ్ నుండి లాగికొని కార్బన్ డయాక్సైడ్ అగును. ఇనుము ఫెర్రస్ స్థితికి దిగును. రసాయన శాస్త్రములో దీనిని క్షయకరణము అందురు. పూత కరగి గాజుగా మూసికొనక మునుపే ఈ మార్పు జరుగవలెను. ఆలస్యమైనచో వాయువు లోపలికి చొరలేదు. పాత్ర పసుపువన్నెతోనో, మురికి గోధుమరంగుతోనో బయటికి వచ్చును. కొలుచు యంత్రములు లేని ఆ కాలమున కుమ్మరి మంట రంగును, పొగను, బట్టీ రంధ్రములోనుండి కనిపించు కాంతిని చూచియే అదను గుర్తింపవలసి యుండెను.

సముద్రము వంటి పూత

ఈ పూతను చూచినవారికి లోతుగల నీరు జ్ఞప్తికి వచ్చును. ఇది కవిభావన మాత్రమే కాదు. రెంటి రంగునకును మూలము ఒక తీరుగనే యున్నది.

సూర్యకాంతిలో అన్ని రంగులును కలవు. నీరు వానిలో ఎఱుపును కొద్దికొద్దిగా పీల్చుకొనును. గ్లాసులోని నీరు పలుచన గనుక ఆ పీల్చుట మనకు తెలియదు. పదుల అడుగుల లోతున ఎఱుపు చాలవఱకు తొలగిపోయి నీలము, పచ్చ మిగులును. అందుచేత ఒడ్డున తేటగానున్న నీరు లోనికి పోయినకొలది ముదురు రంగుగా కనిపించును. ఫెర్రస్ ఇనుము గల గాజును ఇట్లే ఎఱుపువైపు కాంతిని పీల్చుకొని, నీలి పచ్చని కాంతిని విడిచిపెట్టును. ఫెర్రిక్ ఇనుము ఇందుకు భిన్నముగా ఊదా, నీలముల వైపు కాంతిని పీల్చుకొనును గనుక పసుపు మిగులును.

కుమ్మరి పాత్రపై అలలనో, ఆకులనో లోతుగా చెక్కి పూత పూసినచో, కరగిన పూత ఆ గాడులలో చేరి మందముగా నిలుచును. మందముగానున్న చోట రంగు చిక్కనగును. గట్టున పలుచనై లేతగా నుండును. లోతైన నీరు, లోతులేని నీరు అను భేదము ఇట్లు గోరంత మందములో కనిపించును. ఇందు రంగుపొడి లేదు, కుంచె లేదు. ఇంతేకాక పూత కరగునప్పుడు పుట్టిన కంటికానని బుడగలు కొన్ని గాజులోనే చిక్కుకొనును. వానిపై పడిన కాంతి నలుదిక్కులకు చెదరుటచేత, ఉదయపు మంచు క్రమ్మిన అఖాతమువలె పూత మృదువుగా కనిపించును.

రెల్లు, బాతులు, క్రౌంచములు

సెలడాన్ పూతను గొర్యో కుమ్మరులు మొదట చైనానుండి నేర్చికొనిరి. 12వ శతాబ్దమున వారు దానికి తమ సొంతమైన పనితనమును చేర్చిరి. నగలో రాళ్ళు పొదిగినట్లు, మట్టిలో మట్టిని పొదుగుటయే ఆ పనితనము.

చక్రముపై తీసిన పాత్ర కొంత ఆరి, తోలువలె గట్టిపడినప్పుడు దానిపై చిత్రమును సన్నని గాడులుగా చెక్కుదురు. గాడులలో తెల్లమట్టిని పలుచని బంకగా చేసి నింపుదురు. నల్లగా కనిపింపవలసిన చోట ఇనుము హెచ్చుగా గల ఎఱ్ఱమట్టిని నింపుదురు. ఆరిన పిమ్మట పైకి మిగిలిన బంకను గీకివేయగా గాడులలోనిది మాత్రము నిలిచి, చిత్రము తేటపడును. తరువాత ఒకసారి తక్కువ వేడిలో కాల్చి, పూత పూసి, మరల ఎక్కువ వేడిలో కాల్చుదురు. తెల్లమట్టి తెల్లగనే యుండును. ఎఱ్ఱమట్టి ఆక్సిజన్ కొఱవడిన మంటలో నల్లనగును. తేటయైన పచ్చని పూత క్రింద రెండును నీటి అడుగున నున్నట్లు కనిపించును.

చూచుటకు సులభముగా తోచినను ఇందొక చిక్కు కలదు. మట్టి ఆరునప్పుడును, కాలునప్పుడును కుదించుకొనును. రెండు మట్టులు ఒకే పాళముగా కుదించుకొననిచో, ఎక్కువ కుదించుకొనినది గాడినుండి విడిపోవును. తక్కువ కుదించుకొనినది చుట్టునున్న మట్టిని నెట్టి పగులజేయును. మూడు రంగుల మట్టులను ఒకే తీరున కుదించుకొనునట్లు చేసికొనుటలో ఆ కుమ్మరుల అనుభవమంతయు ఇమిడియున్నది.

వారు పొదిగిన చిత్రములలో మేఘముల నడుమ ఎగురు క్రౌంచములు ప్రసిద్ధమైనవి. క్రౌంచము దీర్ఘాయువునకు చిహ్నమని ఆ దేశీయుల నమ్మకము. వానితోబాటు నీటియంచున వంగిన విల్లో చెట్లు, రెల్లు, ఈదుచున్న బాతులు తఱచుగా కనిపించును. ఈ దృశ్యమును కొన్ని కుండికలపై చూడవచ్చును. కుండిక యనగా సన్నని మెడయు, ప్రక్కన నీరు పోయుటకు మూతియు గల బౌద్ధుల నీటిపాత్ర. దాని ఆకృతియు, పేరును బౌద్ధమతముతోబాటు మన దేశమునుండి చైనా మీదుగా కొరియాకు చేరినవే. భారతీయ భిక్షువు చేతిలోని నీటిపాత్రపై కొరియా నీటియంచు బాతులు ఇట్లు వచ్చి చేరినవి.

పోయిన విద్య, దొరకిన విద్య

గాంగ్‌జిన్‌కు సముద్రము తెచ్చిపెట్టిన భాగ్యమే తుదకు ఆపదయు నైనది. 1231లో మంగోలుల దండయాత్రలు ప్రారంభమై దేశమును చిరకాలము కలతపెట్టినవి. 14వ శతాబ్దపు ఉత్తరార్ధమున జపాను వైపునుండి వచ్చు సముద్రపు దొంగలు తీరగ్రామములను మాటిమాటికి దోచిరి. సరుకు ఓడలు సాగుట కష్టమైనది. తీరమున బ్రతుకలేక కుమ్మరులు దేశము లోపలికి చెదరిపోయిరి. బట్టీలు ఆరిపోయినవి. 1392లో గొర్యో వంశమును అంతరించినది. చెదరిన కుమ్మరులు బూడిదవన్నె మట్టిపై తెల్లని బంక పూసి మఱియొక రకపు పాత్రలను చేసిరి, అవియు అందమైనవే. కాని లకుముకి రంగు మరల రాలేదు.

ఇచ్చట మనము గమనింపవలసినది కలదు. మట్టి గాంగ్‌జిన్‌లో అట్లే యున్నది. కొండపై కట్టెలున్నవి. పోయినది ఆ మంటను ఎప్పుడు అణచవలెను, ఎంతసేపు అణచవలెను అను తెలివి మాత్రమే. అది గ్రంథములలో వ్రాయబడలేదు. తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు బట్టీ ప్రక్కన నిలుచుండి నేర్చిన విద్య. ఒక తరము చెదరగనే అది తెగిపోయినది.

20వ శతాబ్దమున యూ గున్‌హ్యోంగ్ (1894–1993) వంటి కుమ్మరులు ఆ రంగును తిరిగి సాధింపవలెనని పాత బట్టీల చోట్ల పెంకులు ఏఱి, మట్టులు వెదకి, యేండ్ల తరబడి కాల్చి చూచిరి. పురావస్తు శాస్త్రజ్ఞులు గాంగ్‌జిన్ బట్టీలను త్రవ్వి వాని నిర్మాణమును తెలిసికొనిరి. రసాయన శాస్త్రజ్ఞులు పెంకులను పరీక్షించి పూతలో నేది ఎంత కలదో చెప్పిరి. పూతలో టైటానియం స్వల్పముగ హెచ్చినను నీలము తగ్గి పసుపుపచ్చ వచ్చునని ఇట్టి పరిశోధనలవలన తెలిసినది. నేడు గాంగ్‌జిన్‌లో మరల సెలడాన్ తయారగుచున్నది. అయినను పాళ్ళు తెలిసినంత మాత్రమున రంగు రాదు. మంటను నడుపు చేయి ప్రతి తరమును క్రొత్తగా నేర్వవలసినదే.

విద్యను చెదరగొట్టిన సముద్రము సాక్ష్యమును మాత్రము దాచియుంచినది. కొయ్యను తొలిచి తిను ఓడపురుగులకును, కుళ్ళజేయు సూక్ష్మజీవులలో పెక్కింటికిని ఆక్సిజన్ కావలెను. తేఆన్ తీరపు మెత్తని బురద ఓడను కప్పివేయగా లోపలికి ఆక్సిజన్ చేరలేదు. అందుచేత ఓడ పలకలు, కొయ్యచీటీలు, పాత్రల నడుమ దెబ్బ తగులకుండ పెట్టిన గడ్డి సైతము మిగిలినవి. బట్టీలో ఆక్సిజన్ కొఱతచే పుట్టిన రంగును, ఎనిమిది శతాబ్దముల పిమ్మట మనకు చెప్పిన చీటీలు, బురదలో ఆక్సిజన్ కొఱతచేతనే నిలిచినవి.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

సెలడాన్ పూతకు కావలసిన వేడి మన ఆవములో రాదు. పాఠశాలలో గాజుపూతల జోలికి పోరాదు. కాని పొదుగుటను, కుదింపును విద్యార్థులు స్వయముగా చేసి చూడవచ్చును.

ఊరి కుమ్మరివద్దనుండి పిసికిన మట్టిని తెచ్చి, అరచేతి వెడల్పున, చిటికెనవ్రేలి మందమున బిళ్ళలు చేయవలెను. ఒక బిళ్ళపై సరిగా 100 మిల్లీమీటర్ల గీత గీయవలెను. నీడలో వారము దినములు ఆరిన పిమ్మట గీతను కొలువవలెను. కాల్చిన పిమ్మట మరల కొలువవలెను. గీత 92 మిల్లీమీటర్లైనచో కుదింపు నూటికి 8 అన్నమాట. చీనామట్టిలో కుమ్మరి మట్టిని వేర్వేరు పాళ్ళలో కలిపి ఇట్లే బిళ్ళలు చేసి, ఏది మొదటి బిళ్ళతో సమముగా కుదించునో కనుగొనవలెను. ఆ మిశ్రమమును పొదుగుటకు వాడవలెను. తమ యూరి చెఱువునో, తీరమునో, కొంగనో చెక్కి నింపవచ్చును. కాల్చుపని కుమ్మరి ఆవములోనే, ఆయన పర్యవేక్షణలోనే జరుగవలెను. ఆరిన మట్టిని పొడిగా గీకినచో సన్నని సిలికా ధూళి లేచి ఊపిరితిత్తులకు హాని చేయును. తడిగుడ్డతో తుడుచుట మేలు.

తీరగ్రామముల విద్యార్థులకు ఒక హెచ్చరిక. సముద్రపు ఒడ్డు మట్టిలో నత్తగుల్లల ముక్కలు ఉండును. గుల్ల కాలిన సున్నమగును. మన పల్లెలలో గుల్లసున్నము చేసినది ఇట్లే. కాలిన పాత్రలో చిక్కిన సున్నపు ముక్క గాలిలోని చెమ్మను పీల్చి ఉబ్బును. ఆవమునుండి చక్కగా వచ్చిన పాత్ర కొన్ని దినములకు తనంతట తానే పెచ్చు లేచును. కనుక మట్టిని నీటిలో కలిపి వడపోసి గుల్లలను తీసివేయవలెను. కొన్ని ముక్కలను కావలెననియే ఒక బిళ్ళలో ఉంచి, ఏమగునో రోజూ చూచి వ్రాసికొనినచో అదియు మంచి పాఠమగును.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమునకు ముందుగా విద్యార్థులను ఊరి కుమ్మరి యొద్దకు తీసికొనిపోవుట మంచిది. ఆవములో గాలి ఎప్పుడు విడుచును, ఎప్పుడు మూయును, మంట రంగును చూచి ఏమి గ్రహించును అని అడిగి, ఆయన మాటలలోనే వ్రాయించవలెను. గాంగ్‌జిన్ కుమ్మరులను అట్లడిగి వ్రాసికొనినవారు ఎవరును లేకపోయిరి.